ఆదిశేషుని వీపు మీద ఎగిరే పాము

నంద్యాల బస్టాండులో ఆళ్ళగడ్డ బస్సెక్కి ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చోండి. ఊరు దాటగానే పొలాలు మొదలవుతాయి. వరి, మిరప, శనగ, జొన్న - కాలాన్ని బట్టి ఏదో ఒకటి ఉంటుంది. ఆ పొలాల చివర, తూర్పు దిక్కున, నీలంగా ఒక కొండల వరుస కనిపిస్తుంది. బస్సు ఎంత దూరం పోయినా అది మన వెంటే వస్తుంది. అదే నల్లమల.

మన పెద్దలు ఈ కొండలన్నిటినీ కలిపి ఒక పెద్ద పాముగా ఊహించారు. పడుకుని ఉన్న ఆదిశేషుడట! తల తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం. ఒకసారి ఆంధ్రప్రదేశ్ భౌగోళిక పటం తీసి చూడండి. కృష్ణానది ఒడ్డున మొదలై, దక్షిణంగా వంకరలు తిరుగుతూ, పెన్నానదిని దాటి తిరుపతి దాకా సాగే ఈ కొండలు నిజంగానే మెలికలు తిరిగిన పాములాగే ఉంటాయి. ఆకాశం నుంచి ఫోటోలు తీసే సౌకర్యం లేని రోజుల్లో, కాళ్లతో నడిచి తిరిగినవాళ్లు ఈ పోలిక ఎలా పట్టుకున్నారో కానీ బాగా పట్టుకున్నారు.

ఇప్పుడు నేను చెప్పబోయేది ఈ కొండపాము వీపు మీద తిరిగే చిన్న పాముల సంగతి. అందులోనూ ముఖ్యంగా గాలిలో ఎగిరే పాము సంగతి.

కొన్నేళ్ల కిందట ఆళ్ళగడ్డ నుంచి అహోబిలం వెళ్లాను. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం పోయే దారిలో ఒక చింతచెట్టు కింద నలుగురు పిల్లలు గుమిగూడి ఉన్నారు. అందరూ మీ ఈడువాళ్లే. ఒకడి చేతిలో కర్ర, కర్రకు వేలాడుతూ ఒక సన్నటి పాము. అప్పటికే చచ్చిపోయింది.

"ఏం పామురా అది?" అని అడిగాను.

"ఎగిరే పాము సార్! ఆ కొమ్మ మీంచి ఈ కొమ్మకు ఎగిరింది. మేం కండ్లారా చూసినాం" అన్నాడు కర్ర పట్టుకున్నవాడు.

"ఎవరినైనా కరిచిందా?"

"కరవలేదు సార్. నెత్తిన పొడుస్తాదంట. పొడిస్తే మనిషి బతకడంట. మా తాత చెప్పినాడు."

నాకు గుండె ఒక్కసారి దడదడ కొట్టుకుంది. నెత్తిన పొడుస్తుందన్న భయంతో కాదు. "ఎగిరే పాము" అన్న మాట విని. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

పెద్ద కుటుంబం

ప్రపంచంలో ఇప్పటికి నాలుగు వేల పాము జాతులను గుర్తించారు. వాటిని కొన్ని కుటుంబాలుగా విభజించారు. నాగుపాము, కట్లపాము ఒక కుటుంబం. రక్తపింజరి మరో కుటుంబం. కొండచిలువ ఇంకొకటి. వీటన్నిటికన్నా పెద్ద కుటుంబం పేరు కొలూబ్రిడే. ప్రపంచంలోని పాము జాతుల్లో దాదాపు సగం ఈ ఒక్క కుటుంబానివే. మన పొలం గట్ల మీద ఎలుకలను పట్టే జెర్రిపోతు ఈ కుటుంబానిదే. కంచెల మీద పచ్చటి తీగలా వేలాడే పసిరిక పాము కూడా ఈ కుటుంబానిదే. ఈ కుటుంబంలో ఎక్కువ పాములకు విషం లేదు. కొన్నింటికి పైదవడ వెనక భాగంలో చిన్న కోరలుంటాయి. వాటి విషం బల్లులకూ తొండలకూ చాలుతుంది కానీ మనిషిని చంపేంతటిది కాదు. (ఆఫ్రికాలోని బూమ్‌స్లాంగ్ వంటి ఒకటి రెండు మాత్రం దీనికి మినహాయింపు. వాటితో మనకు పని లేదు.)

ఈ పెద్ద కుటుంబంలో చెట్ల మీద బతకడానికి బాగా అలవాటు పడ్డ ఒక చిన్న శాఖ ఉంది. పసిరిక పాములు, రాగి వన్నె చెట్టుపాములు, ఎగిరే పాములు - ఇవన్నీ ఆ శాఖలోవే, దగ్గరి చుట్టాలు. అన్నీ సన్నగా, పొడుగ్గా ఉంటాయి. చాలావరకు పగలు తిరుగుతాయి. చూపు చురుకు. ఎగిరే పాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు క్రైసోపీలియా. ఈ ప్రజాతిలో ఉన్నవి అయిదే జాతులు.

అయిదుగురు అన్నదమ్ములు

మొదటిది క్రైసోపీలియా ఆర్నేటా. అలంకరించుకున్నది అని ఆ పేరుకు అర్థం. పసుపు కలిసిన ఆకుపచ్చ ఒళ్లు, ఒక్కొక్క పొలుసు మీదా నల్లటి గీత. ఇది మన దేశంలో పడమటి కనుమల్లోనూ, ఈశాన్య రాష్ట్రాల్లోనూ ఉంది. అక్కడి నుంచి బర్మా, థాయిలాండు మీదుగా దక్షిణ చైనా వరకు వ్యాపించింది. మీటరుకు పైగా పెరుగుతుంది. ఎగరడంలో మాత్రం అంత గొప్పది కాదు. ఒళ్లు బరువు!

ఎగరడంలో మేటి క్రైసోపీలియా ప్యారడైసీ. మలేషియా, సింగపూర్, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ దీవుల్లో ఉంటుంది. అన్నిటికన్నా చిన్నది క్రైసోపీలియా పీలియాస్. దీనికి 1758లోనే లినేయస్ పేరు పెట్టాడు. ఇండోనేషియా తూర్పు దీవుల్లో ఉండే రోడోప్లూరాన్ నాలుగోది. దాని గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు.

అయిదోదే మన కథానాయకుడు. క్రైసోపీలియా టాప్రోబానికా. ప్రాచీన గ్రీకులు శ్రీలంకను టాప్రోబేన్ అని పిలిచేవారు. తామ్రపర్ణి అన్న మన మాటే గ్రీకుల నోట అలా మారిందంటారు. కాబట్టి టాప్రోబానికా అంటే లంకది అని అర్థం. 1943లో మాల్కం స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు భారతదేశపు పాముల మీద రాసిన పెద్ద గ్రంథంలో దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించాడు. లేత పసుపు, ఆకుపచ్చ కలిసిన ఒళ్లు, వీపు మీద నల్లటి అడ్డుపట్టీలు. శ్రీలంకలో వానలు తక్కువ పడే ప్రాంతాల్లో ఉంటుంది. ఆ తరవాత డెబ్బై ఏళ్లపాటు ఇది లంకలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదని అందరూ నమ్మారు.

రెక్కలు లేవు, ఎలా ఎగురుతుంది?

ముందుగా ఒక మాట. ఈ పాములు పక్షుల్లా పైకి ఎగరలేవు. పైనుంచి కిందికి, ఏటవాలుగా, గాలిలో జారుతూ దూరం పోతాయి. మన నల్లమలలోని ఎగిరే ఉడుత చేసేదీ అదే. అయితే ఉడుతకు ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య దుప్పటిలాంటి చర్మం ఉంటుంది. నాలుగు కాళ్లూ చాచితే గాలిపటంలా తయారవుతుంది. పాముకు కాళ్లే లేవు. ఇక చాచేదేమిటి?

ఒక చిన్న పరీక్ష చేయండి. నోటుపుస్తకంలోంచి ఒకేలాంటి రెండు కాగితాలు తీసుకోండి. ఒకదాన్ని ఉండగా నలపండి. రెండోదాన్ని అలాగే పరచి పట్టుకోండి. రెంటినీ ఒకే ఎత్తు నుంచి వదలండి. ఉండ టపీమని పడుతుంది. పరచిన కాగితం తేలుతూ వస్తుంది. బరువు ఒక్కటే అయినా, గాలికి ఎదురునిలిచే వైశాల్యం వేరు. పాము పాటించే మొదటి సూత్రం ఇదే. గాలిలోకి దూకగానే తన పక్కటెముకలను విప్పార్చి ఒంటిని బల్లపరుపుగా చేస్తుంది. మెడ నుంచి తోక మొదలు దాకా వెడల్పు దాదాపు రెట్టింపు అవుతుంది. నాగుపాము పడగ విప్పడం మీకు తెలుసు. నాగుపాము మెడ దగ్గర మాత్రమే చేసే పనిని ఈ పాము ఒళ్లంతా చేస్తుందన్నమాట.

ఆ సమయంలో దాని ఒంటిని అడ్డంగా కోసి చూడగలిగితే ఎలా ఉంటుందో తెలుసా? బోర్లించిన అరటిడొప్పలా ఉంటుంది. పైన గుండ్రం, కింద లోతుగా పల్లం, రెండు అంచులూ కిందికి వంగి ఉంటాయి. విమానం రెక్క ఆకారం ఇది కాదు. ఇంజినీర్లు మొదట దీన్ని చూసి ఇదేం రెక్క అనుకునే రకం. కానీ 2014లో పరిశోధకులు ఈ ఆకారంలో ఒక నమూనా చేసి, పారే నీటిలో పెట్టి కొలిచారు. పాము ఉన్నంత చిన్న పరిమాణంలో, అంత తక్కువ వేగంలో, ఈ డొప్ప ఆకారం ఊహించినదానికన్నా చక్కగా పైకి మోసే బలాన్నిస్తుందని తేలింది.

ఈ విషయం మీద ఏళ్ల తరబడి పట్టుదలగా పనిచేసినవాడు జేక్ సోచా అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు. సింగపూర్‌లో ఎత్తయిన మంచె కట్టించి, పైనుంచి ప్యారడైసీ పాములను దూకనిచ్చి, కెమెరాలతో ఫోటోలు తీసి, వాటి దారిని లెక్కగట్టాడు. 2002లో ఆ ఫలితాలు 'నేచర్' పత్రికలో వచ్చాయి. ఆ ఫోటోల్లో కనిపించిన వరస ఇలా ఉంటుంది. పాము కొమ్మ చివరికి వచ్చి, తోకతో పట్టు బిగించి, ముందు భాగాన్ని కొక్కెంలా కిందికి వేలాడదీస్తుంది. ఒక్క కుదుపుతో పైకీ ముందుకీ విసురుకుంటుంది. మొదట నిట్టనిలువుగా పడుతుంది. పడుతూనే ఒంటిని పరుస్తుంది. వేగం పెరిగేకొద్దీ గాలి మోసే బలం పెరిగి, దారి క్రమంగా ఏటవాలు అవుతుంది. ఈ లోపల ఒళ్లు వంకరలు తిరిగి, నేల మీద పాకినట్టే గాలిలో కూడా పక్కలకు పాకుతుంది! అంతేకాదు, కావాలనుకుంటే దారి మళ్లగలదు. విమానమూ పక్షీ మలుపు తిరిగేటప్పుడు ఒక పక్కకు ఒరుగుతాయి కదా, ఈ పాము ఒరగకుండానే మళ్లుతుంది.

గాలిలో పాకడం దేనికి? నేల మీద అయితే రాళ్లనూ గడ్డినీ ఆసరా చేసుకుని ముందుకు నెట్టుకుంటుంది. గాలిలో నెట్టడానికి ఏముంది? పాత అలవాటు కొద్దీ అలా మెలికలు తిరుగుతుందేమో, దానివల్ల లాభమేమీ లేదేమో అని కూడా అనుమానం వచ్చింది. దీనికి జవాబు 2020లో దొరికింది. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో నాలుగంతస్తుల ఎత్తున్న ఒక నాటకశాల ఉంది. అందులో చుట్టూ 23 కెమెరాలు అమర్చారు. పాముల వీపు మీద మెరిసే చిన్న చిన్న గుర్తులు అతికించి, 8 మీటర్ల పైచిలుకు ఎత్తు నుంచి దూకనిచ్చారు. ఆ కొలతలతో కంప్యూటరులో ఒక బొమ్మపామును తయారుచేశారు. బొమ్మపాము మెలికలు తిరుగుతూ దూకితే నిలకడగా జారింది. మెలికలు ఆపేస్తే కొంతదూరం పోయి, పక్కకు దొర్లి, తలకిందులై పడిపోయింది. అంటే మెలికలే దానికి సమతూకం. తాడు మీద నడిచే దొమ్మరవాడు చేతిలోని గడను అటూ ఇటూ కదుపుతూ ఉంటాడు చూడండి, సుమారుగా అలాంటి పనే.

మరో సంగతి. ఈ పాముల పొట్ట మీది పలకలకు రెండు పక్కలా గట్టి అంచులుంటాయి. వాటిని బెరడు పగుళ్లలో ఆనించి నిట్టనిలువు చెట్టును కూడా ఎక్కేస్తాయి. ఎక్కిన పాము దిగడానికి సమయం వృథా చేయకుండా దూకేస్తుంది. శత్రువు నుంచి తప్పించుకోవడానికి, బల్లిని తరమడానికి ఇది చాలా వాటమైన పద్ధతి.

లంక పాము శేషాచలం మీద

2015లో ఒక శాస్త్ర పత్రికలో చిన్న వ్యాసం వచ్చింది. రాసినవారు బుబేష్ గుప్తా, దీపక్, మరి ఇద్దరు పరిశోధకులు. శేషాచలం కొండల్లోని చామల అడవిలో దొరికిన ఒక ఎగిరే పాము క్రైసోపీలియా టాప్రోబానికా అని అందులో నిరూపించారు. లంకలో తప్ప లేదనుకున్న పాము మన ఆదిశేషుని తల దగ్గరే ఉంది! భారతదేశంలో ఆ జాతి దొరికినట్టు ప్రకటించడం అదే మొదటిసారి.

మధ్యలో సముద్రం ఉంది కదా, అది ఎలా వచ్చింది? ఎగిరి వచ్చిందనుకోకండి. ఎంత గొప్ప ఎగిరే పామయినా కొన్ని పదుల మీటర్లకు మించి పోలేదు. జవాబు సముద్రంలోనే ఉంది. మనకూ లంకకూ మధ్య ఉన్న పాక్ జలసంధి చాలా లోతు తక్కువ. ఎక్కువ చోట్ల పది పదిహేను మీటర్లే. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, మంచుయుగం ముమ్మరంగా ఉన్నప్పుడు, భూమి మీది నీటిలో కొంతభాగం నేల మీద మంచుగా గడ్డకట్టింది. సముద్రమట్టం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగిపోయింది. పది మీటర్ల నీరున్న చోట 120 మీటర్లు తగ్గితే ఏమవుతుందో లెక్క వేయనక్కరలేదు. లంక దీవి కాదు, మన నేలలో ఒక భాగం. ఏనుగులూ, ఎలుగుబంట్లూ, పాములూ నడుచుకుంటూ, పాకుతూ అటూ ఇటూ తిరిగాయి. తరవాత మంచు కరిగి, సుమారు పది వేల ఏళ్ల క్రితం నీరు మళ్లీ వచ్చి దారి మూసేసింది. అటువి అటు, ఇటువి ఇటు ఉండిపోయాయి.

ఇది ఒక్క పాము సాక్ష్యం మీద చెప్పే మాట కాదు. మన తూర్పు కనుమల్లో, తిరుమల కొండ రాళ్ల సందుల్లో, బంగారు బల్లి ఉంటుంది. 1870లో బెడ్డోమ్ దీన్ని వర్ణించాడు. ఆ ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద రెండే జాతులున్నాయి. ఒకటి మనది. రెండోది ఎక్కడుందనుకున్నారు? శ్రీలంకలో! పడమటి కనుమల్లో వానలెక్కువ, దట్టమైన అడవులు. అక్కడి జంతువుల మీదనే శాస్త్రజ్ఞుల చూపు ఎప్పుడూ ఉండేది. మన ఎండు కొండలకూ లంకలోని ఎండు అడవులకూ ఇంత చుట్టరికం ఉందని ఆలస్యంగా తెలిసింది. మన కొండలను ఎవరూ సరిగ్గా వెతకకపోవడమే దీనికి కారణమని నా అభిప్రాయం.

పసిరిక పాముది తలకిందులు కథ

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన కథ పసిరిక పాముది. ఇది మీకు బాగా తెలిసిన పామే. పచ్చటి తీగలాంటి ఒళ్లు, కోసుగా పొడుచుకొచ్చిన ముక్కు, అడ్డంగా సన్నటి చీలికలాంటి కంటిపాప. కళ్లు పొడుస్తుందని దీన్ని చూసి భయపడతారు. ఈ భయం మనకొక్కరికే కాదు. తమిళులు దీన్ని కన్‌కొత్తి పాము అంటారు. సింహళ భాషలో అహేటుల్లా అంటే కళ్లు పొడిచేది అనే అర్థం. ఆ సింహళ మాటే ఈ ప్రజాతికి శాస్త్రీయ నామమైపోయింది! ఇది కళ్లు పొడవదు. రెండు కళ్లతో ఒకేసారి ముందుకు సూటిగా చూసి దూరం అంచనా వేయగల పాము ఇది. మన ముఖంలోకి అంత తదేకంగా చూస్తుంది కాబట్టి ఆ కథ పుట్టి ఉంటుంది.

1796లో పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు కోరమాండల్ తీరపు పాముల మీద లండన్‌లో పెద్ద పుస్తకం అచ్చువేయించాడు. ఆయన విశాఖపట్నంలో ఉండి పాములను పరిశీలించినవాడు. చాలా పాములకు మన తెలుగు పేర్లనే ఇంగ్లీషు లిపిలో రాసుకున్నాడు. అందులో పసిరిక పాము కూడా ఉంది. రక్తపింజరిని ఇంగ్లీషులో ఈయన పేరుతోనే పిలుస్తారు. ఇంత పాత పరిచయం ఉన్న పాము గురించి ఇక కొత్తగా తెలిసేదేముంటుంది అనుకుంటాం. కానీ మన పసిరిక, లంక పసిరిక ఒకటే జాతి అని చాలాకాలం అనుకున్నది తప్పని 2020లో తేలింది. అహేటుల్లా నసూటా అనే పేరు లంకలోని పాముకే చెల్లుతుంది, మన మైదానాల్లో తిరిగేది వేరే జాతి, దాని పేరు అహేటుల్లా ఆక్సిరింకా.

చూశారా! వేరు అనుకున్న ఎగిరే పాము రెండు చోట్లా ఒకటే అయింది. ఒకటే అనుకున్న పసిరిక రెండయింది.

నంద్యాల - గిద్దలూరు మధ్య

నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు గాజులపల్లె దాటాక నల్లమలలోకి దూరుతుంది. బొగద సొరంగం ఆ దారిలోనే. ఆ అడవికి ఒక పాత కథ ఉంది. అది పాము కథ కాదు, సాలెపురుగు కథ. అయినా చెప్పి తీరాలి.

గుత్తి రైల్వే స్టేషను దగ్గర కలప నిలవచేసే చోట ఒక పెద్ద సాలెపురుగు దొరికింది. ఒళ్లంతా మెరిసే నీలిరంగు. 1899లో పోకాక్ అనే శాస్త్రజ్ఞుడు దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తరవాత నూట రెండేళ్లపాటు అది మళ్లీ కనిపించలేదు. 2001లో కనిపించింది. ఎక్కడ? నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య అడవిలో! గుత్తికి వంద కిలోమీటర్ల దూరాన. ఆ పాత సాలెపురుగు ఈ అడవి కలపతోపాటు రైలెక్కి గుత్తికి వచ్చి ఉంటుందని ఊహిస్తున్నారు.

పాముల విషయమూ అంతే. 1976లో ఆర్. సి. శర్మ నాగార్జున కొండ దగ్గర ఒక కొత్త కొలూబ్రిడ్ పామును వర్ణించాడు. దాని పేరు ఇప్పుడు ప్లాటిసెప్స్ భోలానాథి. 2005లో నల్లమల కప్పలూ పాములూ బల్లుల మీద ఒక వ్యాసం వచ్చింది. అందులో 11 జాతులు నల్లమలకు కొత్తవి. ఆ 11లో 10 మొత్తం ఆంధ్రప్రదేశ్‌కే కొత్తవి!

పెన్నకు అటు శేషాచలం, పాలకొండలు. ఇటు లంకమల, నల్లమల. రెండుచోట్లా అవే ఎండు అడవులు, అవే చెట్లు. వేసవిలో పెన్న చాలాచోట్ల ఇసుక తిన్నెగా మారుతుంది. అందుకే అహోబిలం దారిలో "ఎగిరే పాము సార్" అన్న మాట వినగానే నా గుండె అలా కొట్టుకుంది.

పొలుసుల లెక్క

ఆ పామును కింద పెట్టించాను. చచ్చిన పామును కూడా చేత్తో తాకకూడదు. తల తెగిన తరవాత కూడా కొంతసేపటి దాకా నోరు కరవగలదు. అందుకని ఒక పుల్లతో తిప్పి చూశాను. వీపు రాగిరేకు తాపినట్టుంది. మెడ దగ్గర పొలుసుల మధ్య నీలి మచ్చలు. నడుమ్మీద ఒక చోట ఎంచుకుని, ఒక పక్క పొట్ట పలక దగ్గర మొదలుపెట్టి, వీపు మీదుగా ఏటవాలుగా, రెండో పక్క పొట్ట పలక దాకా పొలుసులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పిల్లలు కూడా వంగి నాతోపాటు లెక్కపెట్టారు.

పాములను గుర్తించడంలో ఈ లెక్క చాలా ముఖ్యం. రంగు మోసం చేస్తుంది. పిల్లపాముకు ఒక రంగు, పెద్దదానికి ఒకటి, కుబుసం విడిచే ముందు మరొకటి. పొలుసుల వరుసలు అంత తేలికగా మోసం చేయవు. ఎగిరే పాముల్లో అయిదు జాతులకూ నడుమ్మీద 17 వరుసలుంటాయి. రాగి వన్నె చెట్టుపాముకు 15. పసిరికకూ 15. ఈ లెక్క నేర్చుకోవడానికి పామును చంపనక్కరలేదు. పొలంలోనో గోడ సందులోనో దొరికిన కుబుసం చాలు. కుబుసం మీద ప్రతి పొలుసు అచ్చూ స్పష్టంగా ఉంటుంది. బడికి తెచ్చి, తెల్లకాగితం మీద పరచి, భూతద్దంతో లెక్కపెట్టండి. ఏ చెట్టు కింద దొరికింది, ఏ తేదీన దొరికింది అన్నది పక్కన రాసి పెట్టండి. తేదీ, చోటు లేని నమూనా శాస్త్రజ్ఞుడికి పనికిరాదు. గుత్తి సాలెపురుగు నూరేళ్లు దొరకకపోవడానికి అదేగా కారణం!

బతికున్న పాము దగ్గర మాత్రం ఈ శాస్త్రమంతా పక్కన పెట్టండి. పాముకాటు వల్ల మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏడాదికి సగటున 58,000 మంది చనిపోయారని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల్లో ఒకటి. ఇందులో ఎక్కువ పాపం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరులది. పిల్లికన్నుల పాము అని ఒకటుంది. అదీ కొలూబ్రిడే, మనిషికి ప్రమాదం లేనిదే. కానీ పైకి చిన్న పింజరిలాగే కనిపిస్తుంది. అంత అనుభవమున్నవాళ్లు కూడా చీకట్లో పొరపడతారు. కాబట్టి దూరం నుంచి చూడండి, వీలైతే ఫోటో తీయండి. ఎవరినైనా పాము కరిస్తే అది ఏ పాము అన్న వాదన పెట్టుకోకుండా, మంత్రం వేయించకుండా, కరిచిన అవయవాన్ని కదపకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి.

అహోబిలం పిల్లలు లెక్క ముగించారు. నాకు పదిహేను వచ్చింది. వాళ్లలో ఒకడికి పదహారు వచ్చింది. మళ్లీ లెక్కపెట్టాం. పదిహేనే. రాగి వన్నె చెట్టుపాము. డెండ్రెలాఫిస్ ట్రిస్టిస్. దీనికి విషమే లేదు. కొమ్మ నుంచి కొమ్మకు బాగా దూకుతుంది కాబట్టి పిల్లలు ఎగిరిందన్నది అబద్ధమూ కాదు. తమిళనాడులో దీని మీద ఇంకా పెద్ద కథ ఉంది. మనిషిని కరిచి, చెట్టెక్కి, ఆ మనిషి చితి పొగ వచ్చేదాకా చూస్తుందట! ఆ కథ చెబితే పిల్లలు నవ్వారు.

నాకు నిజంగా ఊరటగా ఉంది, కొంచెం నిరాశగానూ ఉంది. కర్ర పట్టుకున్నవాడు కాసేపు ఆ పామును చూస్తూ నిలబడి, "పదిహేడు ఉండుంటే సార్?" అని అడిగాడు.

"పదిహేడు ఉండుంటే ఈపాటికి తిరుపతికి ఫోన్ చేసి ఉండేవాణ్ణి. వాళ్లు వచ్చి, ఎక్కడ దొరికింది అని అడిగి, బతికుండగా ఎందుకు ఫోటో తీయలేదురా అని నిన్ను తిట్టి ఉండేవాళ్లు" అన్నాను.

వాడు చింతచెట్టు పైకి చూశాడు. తరవాత కర్ర పక్కన పెట్టి, మిగతావాళ్లతో కలిసి ఆ చెట్టు మొదట్లో గుంత తవ్వడం మొదలుపెట్టాడు.